జర్మన్‌లో ‘చూడటం’ నాకు వంటబట్టిన తీరు

ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి నర్సింగ్ చేసిన అమ్మాయిలు జర్మన్ నేర్చుకుంటూ నాకు వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటారు. "అక్కా, బీ2 పాసైతే వార్డులో మాట్లాడటం వచ్చేస్తుందా?" అని. ఏ1, ఏ2, బీ1, బీ2 అని సాగే భాషా పరీక్షల్లో అది నాలుగో మెట్టు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక, ఒకే ఒక్క క్రియను పట్టుకుని నాకు జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఆ క్రియ ‘జేయెన్’. అంటే చూడటం. మొదటి నెలలోనే నేర్పేస్తారు. నాకు మాత్రం పూర్తిగా చేతికొచ్చేసరికి రెండేళ్ళు దాటింది.

2023 జూన్‌లో అమీర్‌పేటలో ఏ1 క్లాసులో చేరాను. లెవెల్‌కు పాతిక వేలు ఫీజు, పుస్తకాలు, పరీక్ష ఫీజు అదనం. పొద్దున హాస్పిటల్ డ్యూటీ, సాయంత్రం క్లాసు, రాత్రి హాస్టల్లో హోంవర్క్. క్లాసులో సగం మంది నర్సులమే. మా సార్ కొన్నేళ్ళు జర్మనీలో ఉండి వచ్చినాయన. రెండో వారంలోనే బోర్డు మీద పట్టిక వేశారు: ఇష్ జేయ, డు జీస్ట్, ఏర్ జీట్, వీర్ జేయెన్, ఈర్ జేట్, జీ జేయెన్. రాసేటప్పుడు అన్నింట్లోనూ మధ్యలో ‘హెచ్’ ఉంటుంది, పలికేటప్పుడు వినపడదు. నువ్వు, అతను అన్న చోట మాత్రమే ‘జే’ కాస్తా ‘జీ’ అవుతుంది. చదవడానికి వాడే ‘లేజెన్’ కూడా ఇదే దారి, డు లీస్ట్ అవుతుంది. ఈ పట్టిక బట్టీ పట్టడం పెద్ద పని కాదు, ఒక సాయంత్రం చాలు.

తలనొప్పి ‘ఫెర్న్‌జేయెన్’తో మొదలైంది. అంటే టీవీ చూడటం. వాక్యంలోకి రాగానే ఈ క్రియ రెండు ముక్కలవుతుంది: "ఇష్ జేయ ఆబెండ్స్ ఫెర్న్." సాయంత్రాలు టీవీ చూస్తాను అని. ‘జేయ’ రెండో స్థానంలో ఉంటే ‘ఫెర్న్’ వెళ్ళి చిట్టచివర కూర్చుంటుంది. వాక్యం పొడుగైన కొద్దీ ఆ చివరి ముక్క గొంతులోనే ఉండిపోతుంది. సార్ వేలు పైకెత్తి, ఆ ముక్క వచ్చేదాకా దించేవారు కాదు.

దానికి బదులుగా మనకు కలిసొచ్చేది ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. జరిగిపోయినది చెప్పేటప్పుడు "ఇష్ హాబ గెస్టర్న్ మిట్ మైనర్ ష్వెస్టర్ ఐనెన్ ఫిల్మ్ గెజేయెన్" అంటారు. నిన్న మా చెల్లితో ఒక సినిమా చూశాను. ఆ ‘హాబ’ను పక్కన పెడితే వరస దాదాపు మనదే: నిన్న, చెల్లితో, సినిమా, చూశాను. క్రియ చివర రావడం మనకు పుట్టుకతో అలవాటు. క్లాసులో ఇంగ్లిష్‌లో ఆలోచించి జర్మన్‌లోకి మార్చేవాళ్ళు ఇక్కడ తడబడేవారు. తెలుగులోనే ఆలోచించేవాళ్ళం సాఫీగా దాటేశాం. ఇంగ్లిష్ మీడియం కాదని ముడుచుకుని కూర్చునే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఆ వారం నుంచే నోరు విప్పారు.

బీ1లో ఉండగా సార్ ఒక హోంవర్క్ ఇచ్చారు. రోజంతా ఇంట్లో, డ్యూటీలో ‘చూడు’ అన్న మాట ఎక్కడెక్కడ వాడుతున్నారో రాసి, వాటిని జర్మన్‌లో పెట్టమన్నారు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. "బాబును కాసేపు చూసుకో" అని రాసుకెళ్ళాను. దానికి జేయెన్ పనికిరాదు, ‘ఔఫ్‌పాసెన్’ కావాలి. "ఉప్పు సరిపోయిందో లేదో చూడు", అక్కడ ‘ప్రొబీరెన్’. "డాక్టర్‌కి చూపించుకున్నావా", దానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళావా అనే అడగాలి. "చూసి దిగు", దానికి ‘ఫోర్‌జిష్ట్’ అని ఒక్క మాట చాలు. "ఈ మందు రెండు రోజులు వాడి చూడండి", ఇక్కడా జేయెన్ లేదు. పేజీ మొత్తం ఎర్ర పెన్నుతో నిండిపోయింది. చివరికి జేయెన్ మిగిలింది రెండు మూడు వాక్యాల్లోనే. ఒకమ్మాయి పెళ్ళిచూపులు కూడా రాసుకొచ్చింది. సార్ నవ్వి, "అది జర్మనీలో లేదు, వదిలెయ్" అన్నారు.

ఇంకోవైపు నుంచి ఇదే క్రియ మనం అనుకోని చోట్ల వస్తుంది. "సార్, బోర్డు కనిపించట్లేదు" అని చెప్పాలంటే "ఇష్ కాన్ డీ టాఫెల్ నిష్ట్ జేయెన్" అనాలి. మనకు చూడటం వేరు, కనిపించడం వేరు. వాళ్ళకు రెండింటికీ చాలావరకు ఇదొక్కటే సరిపోతుంది. ఇది తలకెక్కాక "నాకు కనిపిస్తోంది" అన్నదాన్ని జర్మన్‌లో ఎలా తిప్పాలా అని వెతుక్కోవడం మానేశాను.

2024 జనవరిలో బీ1 పాసయ్యాను. ఏప్రిల్‌కల్లా బీ2 సగంలో ఉన్నాం. ఆ దశలో ఈ క్రియ అభిప్రాయాల్లోకి దిగుతుంది. మాట్లాడే పరీక్షలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక విషయం మీద చర్చించమంటారు. ఎదుటివాళ్ళ మాట ఒప్పుకుంటే "డాస్ జేయ ఇష్ ఔఖ్ జో", ఒప్పుకోకపోతే "డాస్ జేయ ఇష్ ఆండర్స్". నేను ఇంకోలా చూస్తాను అని. మొహం మీద కాదనకుండా కాదనే పద్ధతి ఇది. నాకు చాలా నచ్చింది. ఇప్పుడు డ్యూటీలో వారానికి ఒకసారైనా వాడతాను.

సీవీ రాసే వారం ఇంకొకటి జరిగింది. ఇంగ్లిష్‌లో ఓవర్‌సీ అంటే పర్యవేక్షించడం కదా అని, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ‘యూబర్‌జేయెన్’ అని రాసుకొచ్చింది. ముగ్గురు జూనియర్ నర్సులను పర్యవేక్షించాను అని ఆ పిల్ల ఉద్దేశం. జర్మన్‌లో ఆ మాటకు అర్థం చూడకుండా వదిలెయ్యడం. అంటే ముగ్గురు నర్సులు నా కంట పడలేదు అని సీవీలో ఉంది! ఉద్యోగాలు చూపించే ఏజెన్సీకి పంపేముందు సార్ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

బీ2 పరీక్ష జూన్‌లో రాశాను. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు మాడ్యూల్స్, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. మూడు వచ్చాయి, వినడం పోయింది. మంచి విషయం ఏంటంటే పోయినదొక్కటే మళ్ళీ రాస్తే చాలు, మొత్తం రాయక్కర్లేదు. అయితే స్లాట్ దొరకడం, ఫీజు కట్టడం, ఫలితం కోసం కాచుకోవడం, అన్నీ కలిపి ఇంకో రెండు మూడు నెలలు తినేసింది. అప్పటికే హైదరాబాద్ ఉద్యోగం మానేశాను. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తాలంటేనే టెన్షన్. "ఎప్పుడమ్మా ప్రయాణం?" అని అమ్మ అడిగేది. అమ్మ దగ్గర సమాధానం దాటవేయడం కష్టం. ఆగస్టులో ఆ మాడ్యూల్ కూడా అయిపోయింది.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫాస్ట్ ట్రాక్ ఫీజు, అంటే వీసా పని త్వరగా జరిగేందుకు కట్టేది, 411 యూరోలు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న జర్మనీ ఆసుపత్రే కట్టింది. వీసా ఫీజు 75 యూరోలకు సరిపడా రూపాయలు నేను కట్టాను. సర్టిఫికెట్ల అనువాదాలకు అంతకంటే చాలా ఎక్కువైంది. మీరు ముందుగా డబ్బు పక్కన పెట్టుకోవాల్సింది దానికే.

2025 జనవరిలో నురెంబర్గ్‌లో దిగాను. దిగిన వారానికే వార్డు.

మొదటి దెబ్బ ‘నువ్వు, మీరు’ల దగ్గర తగిలింది. పేషెంట్లకు ‘జీ’, అంటే మీరు: "జేయెన్ జీ?" వార్డులో నర్సుల మధ్య మాత్రం అంతా ‘డు’, అంటే నువ్వే. మా వార్డు ఇన్‌చార్జ్ వయసులో మా అమ్మకంటే పెద్దావిడ. ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచి "జీస్ట్ డు?" అనాలి. హైదరాబాద్‌లో సిస్టర్ ఇన్‌చార్జ్‌ని ‘మేడమ్’ అనకుండా ఒక్క వాక్యం మాట్లాడినదాన్ని కాదు. మొదటి వారాల్లో ఆవిడతో మాట్లాడాల్సి వస్తే నువ్వూ మీరూ రెండూ రాని వాక్యాలు వెతుక్కుని మాట్లాడేదాన్ని. ఆవిడకు అది అర్థమై, ఒకరోజు కాఫీ చేతిలో పెట్టి, తన పేరు నాతో రెండుసార్లు గట్టిగా పలికించింది.

రెండోది యాస. నురెంబర్గ్ వైపు ‘ప’ను ‘బ’లా, ‘ట’ను ‘డ’లా మెత్తగా పలుకుతారు. పైగా మేం నేర్చుకున్న "జీ మాల్", అంటే ఇటు చూడు అన్న మాట ఎవరి నోటా వినలేదు. ఇక్కడివాళ్ళు "షౌ మాల్" అంటారు. ఉత్తరాది నుంచి వచ్చిన కొలీగ్ ఒకతను "గుక్ మాల్" అంటాడు. వెళ్ళొస్తామని చెప్పే ‘ఔఫ్ వీడర్‌జేయెన్’ పుస్తకంలో మొదటి పేజీ మాట. డిశ్చార్జ్ అయ్యే ముసలివాళ్ళు దాన్ని పక్కన పెట్టి ‘అడే’ అని చెయ్యూపి వెళ్ళిపోతారు. ఫోన్‌లో అయితే చూసుకునేది లేదు కాబట్టి ‘వీడర్‌హోరెన్’, మళ్ళీ వినుకుందాం అని. ల్యాబ్‌కి ఫోన్ చేసినప్పుడల్లా అది వస్తుంది, ముందే నేర్చుకుని వెళ్ళండి.

వార్డులో అన్నిటికంటే ముందు అవసరపడింది మాత్రం వీటిలో ఏదీ కాదు. ‘నాఖ్’ అన్న చిన్న ముక్క. బెల్ మోగుతుంది, కొలీగ్ చేతిలో ఇంజెక్షన్ ట్రే ఉంటుంది, నావైపు తిరిగి పన్నెండో రూములో ఆవిణ్ణి చూసి రా అంటుంది. అక్కడ ‘నాఖ్’ మనిషికి ముందు వస్తుంది, ఆవిడ ఎలా ఉందో చూసి రమ్మని అర్థం. అదే పేషెంట్ "నా స్కాన్ ఎన్నింటికి?" అని అడిగితే "ఇష్ జేయ మాల్ నాఖ్" అని కంప్యూటర్ దగ్గరికి వెళ్తాను. ఇక్కడ ‘నాఖ్’ చివర ఉంది, కనుక్కుని చెబుతాను అని అర్థం. ముక్క ఒక్కటే, ఉన్న చోటును బట్టి పని మారుతుంది. అమీర్‌పేటలో వేలు పైకెత్తి నిలబడ్డ సార్ నాకు పదేపదే గుర్తొచ్చింది ఈ రోజుల్లోనే. ఏమీ తెలియని ప్రశ్న ఎదురైనా "ఇష్ జేయ మాల్ నాఖ్" అనేసి వెళ్ళి ఎవర్నైనా అడిగి రావచ్చు. మొదటి రెండు నెలలు నన్ను నడిపింది ఆ వాక్యమే.

తర్వాతది ‘ఔస్‌జేయెన్’, కనబడే తీరు. "జీ జేయెన్ హొయ్ట బెస్సర్ ఔస్", ఇవాళ మీ మొహం తేటగా ఉంది అని చెబితే పేషెంట్ల ముఖాలు వెలుగుతాయి. గాయం గురించీ ఇదే మాట. కానీ రిపోర్టులో రాసేటప్పుడు మాకు నేర్పించే ఇన్‌స్ట్రక్టర్ దీన్ని కొట్టేసేది. "పాలిపోయినట్టు కనబడుతున్నారు" అని రాయకు, "చర్మం పాలిపోయి ఉంది" అని రాయి అనేది. నీకెలా అనిపించిందన్నది వేరు, ఏం ఉందన్నది వేరు అని ఆవిడ పట్టుదల. పాత రిపోర్టుల్లో ప్రతి రెండో లైన్లో ‘ఎస్ ఓ’ అని రెండు అక్షరాలు కనబడేవి. ఏదో మందు పేరనుకునేరు. అది ‘జీయ ఓబెన్’, పైన చూడుము అని. కిందటి షిఫ్ట్‌వాళ్ళు బద్ధకిస్తే పేజీ మొత్తం అదే.

మార్చిలో ఒక నైట్ డ్యూటీ. తెల్లవారుజామున మూడు దాటింది. రౌండ్‌లో తలుపు తీసేసరికి ఎనభై దాటిన పెద్దాయన మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. దెబ్బ తగిలినట్టు లేదు, స్పృహలోనే ఉన్నాడు, చేత్తో చెప్పుల కోసం వెతుకుతున్నాడు. నేను బెల్ కొట్టాను. కొలీగ్ వచ్చింది, డాక్టర్‌కి ఫోన్ వెళ్ళింది. ఇక్కడ పేషెంట్ పడిపోతే ప్రత్యేకంగా ఒక ఫారం నింపాలి, ‘ష్టుర్ట్స్‌ప్రోటోకోల్’ అంటారు. డాక్టర్ వస్తూనే నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "హాబెన్ జీ ఈన్ ఫాలెన్ జేయెన్?" ఆయన పడటం మీరు చూశారా?

గడిచిపోయిన విషయమైనా ఇక్కడ ‘గెజేయెన్’ రాదు. ఇంకో క్రియ పక్కన ఉంటే మూలరూపమే ఉంటుంది. బీ2 పుస్తకంలో ఇది ఒక పేజీ. ఇలాంటి వాక్యం ఎవరు మాట్లాడతారులే అని బ్యాచ్ అంతా తిప్పేసిన పేజీ. ఆ రాత్రి జవాబు నా నోట్లోంచి తిన్నగా వచ్చింది: "నైన్, ఇష్ హాబ ఈన్ నిష్ట్ ఫాలెన్ జేయెన్." చూడలేదు, నేను వచ్చేసరికే నేల మీద ఉన్నారు. ఈ తేడా ఎంత ముఖ్యమో ఫారం నింపేటప్పుడు తెలిసింది. ఆయన ‘పడిపోయారు’ అని నేను రాయకూడదు, ఎందుకంటే అది నేను చూడలేదు. ‘నేల మీద కూర్చుని ఉండగా గమనించాం’ అనే అర్థం వచ్చే మాట రాయాలి. తలకు దెబ్బ తగిలిందో లేదో తెలియదు కాబట్టి డాక్టర్ ఆయన కళ్ళలోకి టార్చ్ వేసి, "జేయెన్ జీ డొప్పెల్ట్?" అని అడిగాడు. రెండేసి కనబడుతున్నాయా అని. పెద్దాయన విసుక్కున్నాడు: కళ్ళద్దాలు లేకుండా నాకు ఒకటి కూడా కనబడదు, ముందు అవి తెచ్చివ్వండి! కళ్ళద్దాలు మంచం కిందే ఉన్నాయి. ఆ రాత్రి ఫారం నింపడానికి అరగంట పైనే పట్టింది. కొలీగ్ చదివి, ఒక్క కామా మార్చి సంతకం పెట్టింది. డ్యూటీ దిగి ట్రామ్‌లో కూర్చున్నాక చేతులు వణికాయి. భయమో సంతోషమో చెప్పలేను.

ఇంకో మాట గురించి మిమ్మల్ని ముందే హెచ్చరించాలి: ‘మాల్ జేయెన్’. చూద్దాం అని. ఇక్కడి యాసలో "షౌన్ మర్ మాల్" అంటారు. 1974లో కెప్టెన్‌గా, 1990లో కోచ్‌గా జర్మనీకి ఫుట్‌బాల్ ప్రపంచకప్ తెచ్చిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్ నోట ఎప్పుడూ ఉండే మాట అట, మా వార్డు ఇన్‌చార్జ్ గర్వంగా చెబుతుంది. మే నెలలో చెల్లి పెళ్ళికి సెలవు అడిగితే ఆవిడ అన్నది ఇదే. మన దగ్గర మేడమ్ "చూద్దాంలే" అంటే పని కానట్టే. నేను హాస్టల్‌కి వచ్చి ఏడ్చి, రానని అమ్మకు చెప్పేశాను కూడా. మూడు వారాల తర్వాత డ్యూటీ చార్ట్ చూస్తే నేను అడిగిన రోజులన్నీ ఖాళీగా ఉన్నాయి. చూద్దాం అంటే ఆవిడ నిజంగానే చూసింది, ఎవరి షిఫ్ట్ ఎటు మార్చాలో కూర్చుని లెక్కేసింది. అప్పటికి టికెట్ ధర పెరిగిపోయింది, ఆ తేడా నా జేబులోంచే పోయింది. కాబట్టి ఎవరైనా అలా అంటే, ఎప్పటికల్లా చెబుతారు అని ఒక తేదీ అడిగి పెట్టుకోండి. వాళ్ళేమీ అనుకోరు.

అప్పటిదాకా నాది హెల్పర్ జీతమే. మన డిగ్రీకి గుర్తింపు రావాలంటే ఒక ట్రైనింగ్ చెయ్యాలి, లేదా ‘కెంట్‌నిస్‌ప్ర్యూఫుంగ్’ అనే పరీక్ష రాయాలి. నేను పరీక్షే ఎంచుకున్నాను. అక్టోబర్‌లో పెట్టారు. ఒక భాగం నోటితో, ఇంకో భాగం వార్డులో నిజమైన పేషెంట్ దగ్గర. పరీక్షకుల్లో ఒకావిడ పేషెంట్ గదిలోంచి బయటికి రాగానే, "లోపల ఏం చూశారు?" అని అడిగింది. ఇన్‌స్ట్రక్టర్ ఎన్నోసార్లు కొట్టేసిన వాక్యాలన్నీ అక్కడ పనికొచ్చాయి: కాళ్ళ వాపు, మంచినీళ్ళ గ్లాసు అందనంత దూరంలో ఉండటం, మంచం ఎత్తు ఎక్కువగా ఉండటం. అనిపించింది ఏదీ చెప్పలేదు, ఉన్నదే చెప్పాను. పాసయ్యానని ఆ రోజే చెప్పారు. కాగితం చేతికి రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది, జీతం ఆ తర్వాత మారింది.

ఇప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ పనిలో ఉన్నాను. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకే చెల్లుతుంది, తర్వాత థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ రాయాల్సిందే. దానికి మొదటి మెట్టు ‘జేటెస్ట్’, కంటి పరీక్ష. కళ్ళద్దాల షాపులోనే చేస్తారు, 6.43 యూరోలు. అక్షరాలు ఉండవు, ఒక పక్క తెగిన గుండ్రాలు చూపించి తెగిన చోటు ఎటుందో చెప్పమంటారు. పైన, కింద, కుడి, ఎడమ చెప్పడం వస్తే చాలు. ఇచ్చిన కాగితం రెండేళ్ళు చెల్లుతుంది. థియరీ పరీక్ష తెలుగులో, హిందీలో లేదు, ఇంగ్లిష్‌లో ఉంది. డ్రైవింగ్ స్కూల్లో ఏ భాష పెట్టమంటావు అని అడిగితే జర్మనే పెట్టమన్నాను. వచ్చే నెల తేదీ ఇస్తామన్నారు.